బల్క్ డ్రగ్ తయారీ, కాలుష్యం, సప్లై చైన్: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ చుట్టూ పటాన్‌చెరు, బొల్లారం, జీడిమెట్ల, పాశమైలారం. విశాఖ వైపు పరవాడ, అచ్యుతాపురం. మన రెండు రాష్ట్రాల్లో మందుల ముడిసరుకు తయారయ్యే ముఖ్యమైన చోట్లు ఇవి. ఇక్కడ కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు, ఈ కంపెనీలకు సరుకు అమ్మే చిన్న యూనిట్లవాళ్లు, పక్క ఊళ్లలో ఉండేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలను ఒకచోట పెట్టాం. జవాబుల్లో నా అభిప్రాయాలు కూడా ఉంటాయి. అన్నిటికంటే ముఖ్యమైన అభిప్రాయం ముందే చెప్తాను: ఒక మందు ఎంత కాలుష్యం చేస్తుందన్నది ఈటీపీ (ఫ్యాక్టరీ మురుగును శుద్ధి చేసే ప్లాంటు) దగ్గర తేలేది కాదు. ఆర్ అండ్ డీలో ప్రాసెస్ రాసిన రోజు, పర్చేజ్ ఆర్డర్‌లో ధర ఖాయం చేసిన రోజు తేలిపోతుంది.

బల్క్ డ్రగ్ అంటే షాపులో కొనే మాత్రేనా?

కాదు. మాత్రలో పనిచేసే అసలు మందు పొడిని బల్క్ డ్రగ్ అంటారు, కంపెనీల్లో ఏపీఐ అని పిలుస్తారు. దాన్ని రియాక్టర్లలో, ఒక్కోసారి పది పైగా స్టేజీల్లో, రసాయన చర్యలతో చేస్తారు. ఆ పొడికి ఇతర పదార్థాలు కలిపి మాత్రగా కొట్టేది ఫార్ములేషన్ యూనిట్. కాలుష్యం ఎక్కువగా పుట్టేది మొదటి చోటే.

ఈ పరిశ్రమ మన దగ్గర పాతుకుపోవడానికి కారణం బాలానగర్‌లోని ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్. అక్కడ పని నేర్చుకున్న కెమిస్టులు బయటికొచ్చి సొంత కంపెనీలు పెట్టారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన కల్లం అంజిరెడ్డి కూడా వారిలో ఒకరు. 1970 పేటెంట్ చట్టం మందుకు కాకుండా తయారీ పద్ధతికే పేటెంట్ ఇచ్చింది. దాంతో అదే మందును వేరే రూట్‌లో, అంటే వేరే రసాయన చర్యల వరుసలో, చేయడం మనవాళ్లకు చేతికి అబ్బిన విద్య అయింది.

ఒక కిలో మందు చేస్తే ఎంత వ్యర్థం వస్తుంది?

రోజర్ షెల్డన్ అనే రసాయన శాస్త్రవేత్త 1992లో దీనికి ఒక కొలత ఇచ్చారు, ఈ-ఫ్యాక్టర్ అని. కిలో సరుకుకు ఎన్ని కిలోల వ్యర్థం అన్నదే ఆ లెక్క. పెట్రోలియం రిఫైనరీల్లో అది కిలోలో పదో వంతు. మందుల తయారీలో 25 నుంచి 100 కిలోలు, కొన్నిటికి అంతకంటే ఎక్కువ. ఇందులో నీళ్లు కలపలేదు.

ఆ వ్యర్థంలో పెద్ద వాటా సాల్వెంట్లది, అంటే రసాయనాలను కరిగించే ద్రవాలది. టోలిన్, మెథనాల్, ఎసిటోన్, ఐపీఏ, ఎండీసీ, డీఎంఎఫ్. వీటిలో రియాక్షన్ జరుగుతుంది, వీటితోనే సరుకు కడుగుతారు, కానీ చివరి పొడిలో ఇవి దాదాపు ఉండకూడదు. అంటే కొన్న సాల్వెంట్ అంతా ఎక్కడికో ఒకచోటికి పోవాల్సిందే: రికవరీకి, గాలిలోకి, నీళ్లలోకి, లేదా సిమెంట్ కిల్న్‌లో మంటకి.

ఇన్ని అనుమతులు, ఇన్ని ఆడిట్లు ఉన్నాయి కదా. అయినా కాలుష్యం ఎందుకు?

ఎందుకంటే అడిగేవాళ్లు ఎక్కువే కానీ, మొత్తం కథ అడిగేవాళ్లు ఒక్కరూ లేరు.

అమెరికా మందుల నియంత్రణ సంస్థ యూఎస్ ఎఫ్‌డీఏ ఇన్‌స్పెక్టర్ వస్తే బ్యాచ్ రికార్డు చూస్తారు, ల్యాబ్ డేటా దిద్దారేమో చూస్తారు, క్లీనింగ్ సరిగా జరిగిందా చూస్తారు. మదర్ లిక్కర్ (సరుకు వేరుచేశాక మిగిలే ద్రవం) ఏ ట్యాంకర్‌లో ఎక్కడికి పోయిందన్నది వారి పని కాదు. మన డ్రగ్ కంట్రోల్ వారిదీ అదే పరిస్థితి. 2023 డిసెంబర్‌లో సవరించిన షెడ్యూల్ ఎం (మందుల తయారీ నియమాలు) కూడా ముఖ్యంగా నాణ్యత గురించే. ఇటు పొల్యూషన్ కంట్రోల్ బోర్డు వారు సీఎఫ్‌ఓలో (ఫ్యాక్టరీ నడపడానికి బోర్డు ఇచ్చే అనుమతి పత్రంలో) రాసిన పరిమితులు, ఈటీపీ లాగ్‌బుక్, ఆన్‌లైన్ మీటర్లు చూస్తారు. ఆ స్టేజ్‌లో అంత సాల్వెంట్ ఎందుకు వాడుతున్నారని అడగరు. మందు కొనే కంపెనీ కిలోకి ఎన్ని డాలర్లు అని అడుగుతుంది.

ఎవరి వాటా పని వాళ్లు చేస్తూనే ఉన్నారు. మధ్యలో మిగిలిన ఖాళీలోంచి మురుగు పారింది. బల్క్ డ్రగ్స్‌ను కేంద్ర బోర్డు అత్యధిక కాలుష్యం చేసే 17 రకాల పరిశ్రమల్లో చేర్చింది, రెడ్ కేటగిరీలో పెట్టింది. రూల్స్ తక్కువై ఈ పరిస్థితి రాలేదు.

పటాన్‌చెరులో అసలేం జరిగింది?

1970ల నుంచి అక్కడికి ఫ్యాక్టరీలు వచ్చాయి. మురుగు నక్కవాగులోకి, అక్కడి నుంచి మంజీరాలోకి చేరింది. బోర్లలో రంగు నీళ్లు వచ్చాయి, పొలాలు దెబ్బతిన్నాయి, పశువులు చనిపోయాయి. 1990లో సుప్రీంకోర్టులో కేసు పడింది. రైతులకు నష్టపరిహారం ఇవ్వమని కోర్టు ఆదేశించింది. తర్వాత 2001లో కేసు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వచ్చింది. పటాన్‌చెరులో వైద్యం చేస్తూ ఈ పోరాటాన్ని దశాబ్దాల పాటు మోసిన డాక్టర్ కిషన్‌రావును అక్కడి ఊళ్లు మరచిపోలేదు.

ఇక ప్రపంచమంతా ఆ పేరు విన్నది 2007లో. స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి ప్లాంటు నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించింది. సుమారు 90 మందుల కంపెనీల మురుగు వచ్చే ప్లాంటు అది. శుద్ధి అయ్యాక వదిలిన నీటిలో లీటరుకు 31,000 మైక్రోగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కనిపించింది. ఆ మాత్ర వేసుకున్న మనిషి రక్తంలో కూడా అంత మందు ఉండదు. రోజుకు 40 కిలోలకు పైగా ఒక్క యాంటీబయాటిక్కే నీళ్లలో పోతోందని లెక్క తేలింది.

ఈ విషయంలో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఒకటుంది. ఆ ప్లాంటు పెట్టింది కాలుష్యం ఆపడానికే. సీఓడీ (నీటిలో రసాయన మలినం ఎంతో చెప్పే కొలత), పీహెచ్, ఉప్పు లాంటివి కొలిచేది. మందు ఎంత ఉందో కొలవమని ఏ కాగితమూ చెప్పలేదు కాబట్టి ఎవరూ కొలవలేదు. 2009లో కేంద్ర బోర్డు తయారుచేసిన తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో పటాన్‌చెరు–బొల్లారం, విశాఖపట్నం రెండూ ఉన్నాయి.

నీళ్లలో కాస్త యాంటీబయాటిక్ ఉంటే ఏమవుతుంది? దానికి పరిమితి ఉందా?

బ్యాక్టీరియా ఆ మందుకు అలవాటు పడుతుంది. చావకుండా తట్టుకున్నవి పెరుగుతాయి, తట్టుకునే జన్యువులను ఇతర బ్యాక్టీరియాలకు ఇస్తాయి. రేపు ఆస్పత్రిలో అదే మందు పనిచేయదు.

సిప్రోఫ్లాక్సాసిన్‌కు పరిశ్రమ సొంత కూటమి, ఏఎంఆర్ ఇండస్ట్రీ అలయన్స్, పెట్టుకున్న సురక్షిత హద్దు లీటరుకు 0.06 మైక్రోగ్రాములు. పైన చెప్పిన 31,000తో పోల్చి చూడండి: 5 లక్షల రెట్లు. మన దేశంలో 2020 జనవరిలో కేంద్రం బల్క్ డ్రగ్ మురుగులో యాంటీబయాటిక్‌లకు పరిమితులు పెడుతూ ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టులో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ భాగం లేదు. ఇది తప్పుడు నిర్ణయమని నా గట్టి అభిప్రాయం. 2024 సెప్టెంబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయాటిక్ తయారీ వ్యర్థాలపై మార్గదర్శకాలు ఇచ్చింది. అవి సలహాలే, చట్టం కాదు.

జెడ్‌ఎల్‌డీ ఉంటే చుక్క కూడా బయటికి పోదు అంటారు. నిజమేనా?

జెడ్‌ఎల్‌డీ అంటే మురుగును బయటికి వదలకుండా ప్లాంటులోనే శుద్ధి చేసి వాడుకునే ఏర్పాటు. సరిగ్గా నడిపితే నీళ్లు పోవు. ఉప్పు ఎక్కువగా ఉన్న మురుగు ముందు స్ట్రిప్పర్‌కి వెళ్తుంది, అక్కడ సాల్వెంట్ వేరవుతుంది. తర్వాత ఎంఈఈలో ఆవిరి చేస్తారు, మిగిలిన చిక్కటి ద్రవాన్ని ఏటీఎఫ్‌డీలో ఆరబెడితే ఉప్పు వస్తుంది. ఉప్పు తక్కువున్న మురుగు బయోలాజికల్ ట్యాంకుల్లోంచి ఆర్‌ఓకి, అక్కడి నుంచి కూలింగ్ టవర్‌కి పోతుంది.

కానీ ఆవిరి చేయాలంటే స్టీమ్ కావాలి, స్టీమ్‌కి బొగ్గు కావాలి. వచ్చిన ఉప్పు రకరకాల రసాయనాలు కలిసిన ఉప్పు, దేనికీ పనికిరాదు. అది లారీ ఎక్కి దుండిగల్‌కో పరవాడకో, ప్రమాదకర వ్యర్థాలు పూడ్చే చోటికి పోతుంది. అంటే నీటి సమస్య గాలికీ నేలకీ మారింది. బొగ్గు బదులు ఊక, పల్లీ పొట్టు బ్రికెట్లు వాడితే కొంత మేలు.

ఇంకో సంగతి. ఈ ప్లాంటు నడపడం చాలా ఖర్చు. ఖర్చు ఉన్నచోట దొంగదారి ఆశ ఉంటుంది. వాన పడిన రాత్రి నాలాలో నురగ వస్తోందని ఊళ్లవాళ్లు చేసే ఫిర్యాదులు అందుకే ఆగడం లేదు. ఒక కంపెనీ జెడ్‌ఎల్‌డీ నిజంగా నడుస్తోందా అన్నది తెలుసుకోవాలంటే ప్లాంటు ఫోటోలు వద్దు. నెలకు ఎన్ని బ్యాచ్‌లు చేశారు, ఎంత ఉప్పు బయటికి పంపారు, ఎంఈఈకి ఎంత స్టీమ్ పోయింది, ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూడాలి. బ్యాచ్‌లు పెరిగి ఉప్పు పెరగలేదంటే ఎక్కడో లెక్క తప్పింది.

సాల్వెంట్ రికవరీ మంచిదే కదా. క్వాలిటీవాళ్లు ఎందుకు అడ్డుపడతారు?

ఈ ప్రశ్న ప్రొడక్షన్‌లోకి కొత్తగా వచ్చిన పిల్లలు అందరూ అడుగుతారు. క్వాలిటీవాళ్ల భయానికి కారణం ఉంది.

2018 జులైలో బీపీ మందు వల్సార్టన్‌ను చాలా దేశాల్లో వెనక్కి పిలిచారు. చైనాలోని జెజియాంగ్ హువాహై కంపెనీ ఏపీఐలో ఎన్‌డీఎంఏ అనే, క్యాన్సర్ తెచ్చే అవకాశమున్న మలినం దొరికింది. ఆ కంపెనీ కొన్నేళ్ల ముందు ప్రాసెస్ మార్చింది. కొత్త పద్ధతిలో డీఎంఎఫ్ సాల్వెంట్, సోడియం నైట్రైట్ రెండూ ఉన్నాయి. డీఎంఎఫ్ విరిగితే డైమిథైల్ ఎమీన్ వస్తుంది, అది నైట్రైట్‌తో కలిస్తే ఎన్‌డీఎంఏ. రొటీన్ టెస్టులు దీన్ని వెతకలేదు కాబట్టి ఏళ్ల తరబడి దొరకలేదు. తర్వాత మన దేశ కంపెనీలతో సహా ఇతరుల సరుకులోనూ ఎన్‌డీఎంఏ లాంటి నైట్రోసమీన్ మలినాలు బయటపడ్డాయి. 2020లో ఎఫ్‌డీఏ చెప్పిన కారణాల్లో ఒకటి రికవరీ చేసిన సాల్వెంట్. ముఖ్యంగా బయటి రికవరీ యూనిట్లకు పంపినప్పుడు, అందులో ఏముందో వాళ్లకు చెప్పకపోవడం, పది కంపెనీల సాల్వెంట్ ఒకే కాలమ్‌లో సరిగా కడగకుండా నడపడం.

అంటే రికవరీ వద్దనా? కాదు. ఏపీఐ తయారీకి అంతర్జాతీయంగా పాటించే ఐసీహెచ్ క్యూ7 మార్గదర్శకం రికవరీని స్పష్టంగా అనుమతిస్తుంది. సాల్వెంట్ నిర్దేశించిన ప్రమాణానికి రావాలి, రికవరీ విధానం అదుపులో ఉండాలి, అంతే. నా అనుభవం చెప్పేది ఇది: ఏ ప్రొడక్టు ఏ స్టేజ్‌లో వచ్చిన సాల్వెంట్‌ను అదే స్టేజ్‌లో, సొంత ప్లాంటులో, విడి ట్యాంకులతో రికవరీ చేస్తే క్వాలిటీవాళ్లు ఒప్పుకుంటారు. అన్నీ ఒక డ్రమ్ములో కలిపేసిన మరుక్షణం అది సాల్వెంట్ కాదు, వ్యర్థం.

మెరుగైన ప్రాసెస్ దొరికితే వెంటనే ఎందుకు మార్చరు?

మార్పు అంటే కాగితం. రూట్ మార్చితే మలినాలు మారవచ్చు, కాబట్టి మళ్లీ వ్యాలిడేషన్ బ్యాచ్‌లు, స్టెబిలిటీ పరీక్షలు. డ్రగ్ మాస్టర్ ఫైల్ (ఏపీఐ తయారీ వివరాలతో నియంత్రణ సంస్థకు ఇచ్చే పత్రం) సవరించాలి. ఆ ఏపీఐ కొనే ప్రతి కంపెనీ తన దేశంలో తన ఫైలింగ్ మార్చుకోవాలి. అమెరికాలో పెద్ద మార్పు అయితే ముందస్తు అనుమతి వచ్చేదాకా ఆగాలి, యూరప్‌లో టైప్ టూ వేరియేషన్ పెట్టాలి. పది దేశాల్లో అమ్మే మందుకు పది దేశాలూ ఒప్పుకునేదాకా పాత సరుకు, కొత్త సరుకు రెండూ విడిగా చేస్తూ ఉండాలి. అంత టెన్షన్ ఎందుకని పాత ప్రాసెస్‌తోనే ఇరవై ఏళ్లు నడిపేస్తారు.

అందుకే మొదటి ఫైలింగ్‌కు ముందే పని జరగాలి. చేస్తే ఎంత లాభమో తెలిసిందే. ఐబుప్రొఫెన్‌ను పాత పద్ధతిలో ఆరు స్టేజీల్లో చేసేవారు, వేసిన ముడిసరుకులో 40 శాతం పరమాణువులే మందులోకి చేరేవి. 1990ల్లో వచ్చిన కొత్త పద్ధతిలో మూడే స్టేజీలు, 77 శాతం. షుగర్ మందు సిటాగ్లిప్టిన్‌కు మెర్క్, కోడెక్సిస్ కలిసి ఎంజైమ్ పద్ధతి తెచ్చాయి. రోడియం క్యాటలిస్టు, అధిక పీడనం హైడ్రోజన్ అవసరం పోయాయి, వ్యర్థం 19 శాతం తగ్గింది. 2010లో దానికి అమెరికా గ్రీన్ కెమిస్ట్రీ అవార్డు వచ్చింది.

వెండర్ సీఓఏ ఇచ్చాడు. ఇంకా ఆడిట్ ఎందుకు?

సీఓఏ (సరుకు పరీక్ష ఫలితాల పత్రం) అనేది వెండర్ చెప్పిన మాట. 2008లో అమెరికాలో హెపారిన్ ఇంజెక్షన్ వల్ల డజన్ల మంది చనిపోయారు. ఆ ముడిసరుకు చైనాలో పంది పేగుల నుంచి, చిన్న చిన్న వర్క్‌షాపుల గుండా వచ్చేది. మధ్యలో ఎవరో చవక పదార్థం కలిపారు. అది అప్పటి ప్రామాణిక పరీక్షలో హెపారిన్‌లాగే పాసైంది. పైగా ఎఫ్‌డీఏ పేరు పొరపాటు వల్ల వేరే ప్లాంటును చూసి, తనిఖీ అయిపోయిందనుకుంది. 2022లో గాంబియాలో 60 మందికి పైగా పిల్లల మరణాలకు సంబంధించి డబ్ల్యూహెచ్‌ఓ హెచ్చరించిన దగ్గు సిరప్‌లలో ఉన్నవి డైఇథిలిన్ గ్లైకాల్, ఇథిలిన్ గ్లైకాల్ అనే విషపదార్థాలు.

క్యూ7 ప్రకారం ప్రతి బ్యాచ్‌కు కనీసం ఒక గుర్తింపు పరీక్ష మీరే చేయాలి. మిగతా వాటికి సీఓఏ నమ్మాలంటే ముందు కనీసం మూడు బ్యాచ్‌లు పూర్తిగా పరీక్షించి ఉండాలి. డీలర్ దగ్గర కొంటే అసలు తయారీదారు ఎవరో రాతలో తీసుకోండి. వెండర్ ఆడిట్‌కు వెళ్లినప్పుడు క్వాలిటీ చెక్‌లిస్టుతో పాటు వాళ్ల సీఎఫ్‌ఓ కూడా అడగండి. అందులో మీ ఇంటర్మీడియట్ (ఏపీఐకి ముందు స్టేజీల్లో వచ్చే సరుకు) పేరు ఉందా, అనుమతి పరిమాణం మీరు కొనేదానికి సరిపోతుందా? ఇది ఐదు నిమిషాల పని. పేరు లేకపోతే రేపు బోర్డు ఆ యూనిట్‌ను మూయిస్తుంది, మీ సరుకు ఆగిపోతుంది. పర్యావరణం, సప్లై రెండూ ఒకటే అని ఇంతకంటే బాగా అర్థమయ్యే చోటు లేదు.

చైనా మీద ఆధారం తగ్గించుకుంటే సమస్య తీరుతుందా?

సరఫరా సమస్య కొంత తీరుతుంది. పెన్సిలిన్ జీ మన దేశంలో ఒకప్పుడు తయారయ్యేది, చైనా ధరలకు తట్టుకోలేక ఆగిపోయింది. 2020లో కేంద్రం 6,940 కోట్ల రూపాయలతో పీఎల్‌ఐ పథకం (దేశంలో ఉత్పత్తి చేసినవాళ్లకు ప్రోత్సాహకం) పెట్టింది. కాకినాడ దగ్గర అరబిందో అనుబంధ కంపెనీ 2024లో మళ్లీ పెన్సిలిన్ జీ మొదలుపెట్టింది. బల్క్ డ్రగ్ పార్కుల్లో ఒకటి అనకాపల్లి జిల్లా నక్కపల్లికి వచ్చింది.

అయితే మనం ఇన్నాళ్లూ దిగుమతి చేసుకున్నది సరుకు ఒక్కటే. దాని మురుగు అక్కడే ఉండిపోయింది. ఇప్పుడు మొదటి స్టేజీలు ఇక్కడ చేస్తే ఆ వ్యర్థమూ ఇక్కడే. ఫర్మెంటేషన్ తర్వాత మిగిలే బూజు ముద్దలో కూడా యాంటీబయాటిక్ ఉంటుంది. నక్కపల్లి సముద్రం పక్కన, మత్స్యకారుల ఊళ్ల మధ్య ఉంది. పార్కులో ఉమ్మడి శుద్ధి ప్లాంటు మొదటి ఫ్యాక్టరీ కంటే ముందు నడవాలి. అందులో మందుల అవశేషాలు కొలవాలి. పటాన్‌చెరు చూసిన తర్వాత కూడా ఇది అడగకపోతే తప్పు మనదే.

విదేశీ కొనుగోలుదారులు నిజంగా పట్టించుకుంటున్నారా?

మొదలుపెట్టారు. బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ 2023 ఏప్రిల్ నుంచి పెద్ద కాంట్రాక్టులకు కార్బన్ తగ్గింపు ప్రణాళిక అడుగుతోంది. నార్వే ఆస్పత్రుల కొనుగోళ్లలో యాంటీబయాటిక్‌లకు పర్యావరణ మార్కులు ఉన్నాయి. యూరప్ కొత్త మురుగునీటి ఆదేశం ప్రకారం సూక్ష్మ కాలుష్యాన్ని తీసే అదనపు శుద్ధి ఖర్చులో కనీసం 80 శాతం మందుల, సౌందర్య సాధనాల కంపెనీలే భరించాలి. యాంటీబయాటిక్ తయారీకి 2022లో ఒక ప్రమాణం వచ్చింది, బ్రిటిష్ ప్రమాణాల సంస్థ బీఎస్‌ఐ దానికి సర్టిఫికెట్ ఇస్తోంది. మన దగ్గర సెబీ బీఆర్‌ఎస్‌ఆర్ అనే వార్షిక నివేదిక ద్వారా పెద్ద లిస్టెడ్ కంపెనీలను పర్యావరణ వివరాలు అడుగుతోంది.

కానీ పీఎస్‌సీఐ (మందుల కంపెనీల సప్లై చైన్ కూటమి) ప్రశ్నపత్రం పంపిన కొనుగోలుదారే మరుసటి వారం కిలోకి రెండు డాలర్లు తగ్గించమంటే, ఆ తగ్గింపు ఎక్కడి నుంచి వస్తుంది? ధరలో శుద్ధి ఖర్చును విడిగా చూపించి, దాన్ని బేరంలో పెట్టకూడదని కాంట్రాక్టులో రాసుకోవాలి. ఇది అడిగే ధైర్యం మన కంపెనీలు కలిసి ఉంటేనే వస్తుంది.

మాది చిన్న ఇంటర్మీడియట్ యూనిట్. ఎక్కడ మొదలుపెట్టాలి?

కన్సల్టెంట్‌తో కాదు, ఒక్క ప్రొడక్టు మాస్ బ్యాలెన్స్‌తో. బ్యాచ్‌కు ఎంత సాల్వెంట్ వేశారు, ఎంత రికవరీ అయింది, మదర్ లిక్కర్‌లో ఎంత పోయింది, మిగతాది ఎక్కడ? చాలా యూనిట్లలో ఆ "మిగతాది" గాలిలో పోతుంది. ఎండీసీ 40 డిగ్రీలకే మరుగుతుంది, మన ఎండాకాలంలో కూలింగ్ టవర్ నీళ్లతో కండెన్సర్ నడిపితే దాన్ని పట్టలేరు, చల్లటి బ్రైన్ (ఉప్పునీరు) కావాలి. వాటర్ జెట్ ఎజెక్టర్ సాల్వెంట్‌ను నీళ్లలో కలిపేస్తుంది, డ్రై వాక్యూమ్ పంపు పెడితే అది చేతికి వస్తుంది. ఉప్పు మురుగు, మామూలు మురుగు రియాక్టర్ కిందే విడదీయండి. ప్రమాదకర వ్యర్థం 90 రోజులకు మించి పెట్టుకోవద్దు, ప్రతి లారీకి ఫారం 10 మ్యానిఫెస్ట్ ఉండాలి. పోయిన సాల్వెంట్ మీరు డబ్బిచ్చి కొన్నదే, కాబట్టి ఈ పనుల్లో చాలావాటికి ఖర్చు తిరిగి వస్తుంది.

ప్రమాదాలు కూడా ఈ చర్చలోకి వస్తాయా?

తప్పకుండా. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో సాల్వెంట్ ఆవిరి లీకై పేలుడు జరిగి 17 మంది చనిపోయారు. 2025 జూన్ 30న పాశమైలారంలో పేలుడుకు 40 మందికి పైగా బలయ్యారు, వారిలో చాలామంది బయటి రాష్ట్రాల నుంచి వచ్చిన కూలీలు. సాల్వెంట్ లీక్ అవుతోందంటే అది కాలుష్యం, నష్టం, ప్రాణాపాయం మూడూ. కాంట్రాక్టు కార్మికుడి శిక్షణ, షిఫ్టులో ఎంతమంది ఉన్నారన్న హాజరు లెక్క లేని సస్టైనబిలిటీ రిపోర్టును నేను నమ్మను.

పక్క ఊళ్లో ఉన్నవాళ్లం. మేమేం చేయగలం?

కంపెనీ పర్యావరణ అనుమతి పత్రం పరివేశ్ పోర్టల్‌లో దొరుకుతుంది. అందులోని షరతుల మీద కంపెనీ ఆరు నెలలకోసారి నివేదిక ఇవ్వాలి. ఏటా సెప్టెంబర్ 30లోగా ఫారం ఐదులో పర్యావరణ వివరణ ఇవ్వాలి. దొరకకపోతే ఆర్‌టీఐ పెట్టండి. వాసన, నురగ, చేపల చావు కనిపిస్తే తేదీ, సమయం, గాలి దిశ రాసి, ఫోటో తీసి, అప్పుడే బోర్డుకు ఫిర్యాదు చేసి నంబరు తీసుకోండి. శాంపిల్ బోర్డు అధికారి తీస్తేనే చట్టం ముందు నిలుస్తుంది, కాబట్టి వాళ్లను ఆ రోజే రప్పించడం ముఖ్యం. చెన్నైలోని ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) దక్షిణ బెంచ్‌కు వెళ్లాలంటే వివాదం మొదలైన ఆరు నెలల్లోపు వెళ్లాలి. నష్టపరిహారానికి ఐదేళ్ల గడువు ఉంది.

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేశాను. ఈ వైపు ఉద్యోగాలు ఉంటాయా?

ఉంటాయి, కానీ ఈహెచ్‌ఎస్ (పర్యావరణం, ఆరోగ్యం, భద్రత) విభాగంలోనే వెతకొద్దు. ప్రాసెస్ ఆర్ అండ్ డీలో చేరి, ప్రతి రూట్‌కూ ఈ-ఫ్యాక్టర్ లెక్క వేసి ల్యాబ్ నోట్‌బుక్‌లో రాయడం అలవాటు చేసుకోండి. లేదా పర్చేజ్‌లో చేరి వెండర్ సీఎఫ్‌ఓ చదవడం నేర్చుకోండి. ఎంజైమ్ రియాక్షన్లు, ఫ్లో కెమిస్ట్రీ తెలిసినవాళ్లు ఇప్పటికీ తక్కువే. యాంటీబయాటిక్ అవశేషాలను మైక్రోగ్రాముల్లో కొలవాలంటే ఎల్‌సీ-ఎంఎస్ అనే ల్యాబ్ పరికరం మీద మంచి చేయి ఉండాలి, ఆ పని వచ్చినవాళ్లు కంపెనీలకూ బోర్డులకూ ఇద్దరికీ కావాలి.